ఏడు ఒకట్లు

మధ్యాహ్నం మూడో క్లాసు. బ్రాడీపేటలో మా కోచింగ్ సెంటర్ కింద మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకున్న ఆటో ఏదో ఆగినట్టుంది, ఘాటు కిటికీలోంచి పైకొచ్చి క్లాసంతా తుమ్మింది. పొద్దున్నుంచీ అవే షార్ట్‌కట్లు చెప్పి చెప్పి నా గొంతు అప్పటికే ఆరిపోయి ఉంది. ఆ ఘాటుకి సువార్త టీచర్ గారి వాకిలి గుర్తొచ్చింది.

వినుకొండ దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ లెక్కలు చెప్పేవారు. చిన్నప్పుడు తల్లితో కూలికి వెళ్లి మిర్చి కల్లాల్లో తాలుకాయలు ఏరిన మనిషి. రంగు పోయిన కాయ ఒక్కటి కనిపించినా మేస్త్రి రాశి మొత్తం మళ్లీ ఏరించేవాడట. లెక్కలూ మా చేత అలాగే చేయించేవారు. మాకు విసుగొచ్చేది, ఆవిడకి వచ్చేది కాదు.

పదో తరగతిలో జిల్లా లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపాలి. వెళ్లాలని నా ప్రాణం కొట్టుకునేది. టీచర్ గారు బోర్డు మీద 11,11,111 అని రాసి, ఇది ప్రధాన సంఖ్యో కాదో చేత్తో చేసి తేల్చుకు రమ్మని అందరికీ చెప్పారు. వర్గమూలం దాకా, అంటే 1,054 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. మొత్తం నూట డెబ్బై ఏడు భాగహారాలు.

నేను నలభై ఆరు చేశాను. 199 దాకా వచ్చాను. ఏదీ నిశ్శేషంగా పోలేదు. వేళ్లు లాగేశాయి. ఇక ఏదీ పోదులే అనుకుని, మిగతా వరుసలకి తోచిన శేషాలు వేసేసి, కింద ‘ప్రధాన సంఖ్య’ అని రాసి, ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ ఇంటికి పట్టుకెళ్లాను. వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆవిడ పేజీలు తిప్పి ఒక వరుస మీద వేలు పెట్టారు. 239, శేషం 17.

“ఇది నా ముందు చెయ్యమ్మా.”

చేశాను. సున్నా వచ్చింది. 239ని 4,649తో గుణిస్తే సరిగ్గా ఏడు ఒకట్లు. నేను ఆపేసిన చోటు నుంచి ఆరో సంఖ్య అది. నిజంగా ఎక్కడిదాకా చేశావని అడిగితే తలెత్తకుండా చెప్పాను.

“ఆ మాటే కింద రాసుంటే నిన్నే పంపేదాన్నమ్మా. నువ్వు చేసినన్ని ఎవరూ చెయ్యలేదు.”

పోటీకి మా క్లాసమ్మాయి రమణ వెళ్లింది. తను చేసినవి పన్నెండే. మిగతావి చేయలేదు, తేలలేదు అని రాసిచ్చిందట. టీచర్ గారి మీద నాకు ఏళ్ల తరబడి కోపం ఉండేది. తర్వాత సిగ్గు మిగిలింది. అది చెప్పుకుందామనుకునేలోపు ఆవిడ పోయారు.

ఇప్పుడు క్లాసులో పిల్లలు నేను చూడని లెక్క అడిగితే, చేసి చూడలేదు, రేపు చెబుతానంటాను. ఫీజు కట్టినవాళ్లతో అలా అనకూడదని మేనేజర్ రెండుసార్లు పిలిచి చెప్పాడు. అలిసిపోయిన రోజున, ఏదో ఒకటి చెప్పేసి ఇంటికి పోదామనీ అనిపిస్తుంది. నోరు రాదు. ఆ పోటీకి వెళ్లుంటే నా బతుకు ఇంకోలా ఉండేదా అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. తెలియదన్నాను. తనకి నచ్చేలా ఏదైనా అల్లి చెప్పగలను, కానీ నాకు నిజంగానే తెలియదు.