తనిఖీలు ఆపి కొలిచిన వేగం

ఏళ్ల తరబడి ఒక మాట గుండె మీద బరువుగా ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో విజయనగరంలో ఫైర్‌వాల్‌లు అమ్మే కంపెనీలో ఇంజనీరుని. బయటి నుంచి వైరస్‌లూ దొంగలూ కంప్యూటర్లలోకి చొరబడకుండా, వచ్చే ప్రతి సమాచారాన్నీ తనిఖీ చేసే పెట్టె అది. ఎంత రద్దీని తట్టుకుంటుందో కొలిచి చూపించడం నా పని.

ఒక ప్రైవేటు ఆస్పత్రి మా పెట్టె కొనాలనుకుంది. అక్కడ నెట్‌వర్క్ చూసే సత్యం నా స్నేహితుడు. కళింగపట్నంలో చేపల వేట మీద బతికే ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి.

తనిఖీలన్నీ పెట్టి రద్దీ పంపితే పెట్టె చతికిలబడింది. తనిఖీలు ఆపి మళ్లీ పంపాను. పరుగెత్తింది. ఆ వేగాన్నే రిపోర్టులో రాశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మేనేజరు చేత శభాష్ అనిపించుకోవాలన్న ఆశ, అంతే. అంతేనా? అంత రద్దీ ఎప్పుడొస్తుందిలే అని నన్ను నేను జోకొట్టుకోలేదూ?

కొనే ముందు సత్యం అడిగాడు.

"బావా, తనిఖీలన్నీ పెట్టే కొలిసేవా? మా ఆస్పత్రిలో ఏదీ ఆపడానికి ఉండదు."

"పెట్టే కొలిసేన్రా. బెంగెట్టుకోకు."

ఆ వానాకాలం విషజ్వరాలు ముమ్మరించాయి. నెల్లిమర్ల వైపు కేంద్రాల నుంచి రక్త పరీక్షల రిపోర్టులు ఆ పెట్టె గుండానే రావాలి. ఒక ఉదయం ఆ రద్దీకి పెట్టె చతికిలబడి అన్నీ ఆగిపోయాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన ఒక జూట్‌మిల్లు కార్మికుడి రిపోర్టు సాయంత్రానికి గాని డాక్టరుకు అందలేదు. ఆయన చావు అంచుదాకా వెళ్లి బతికాడు. పెట్టె బాగుచేయమని ఆస్పత్రివాళ్లు పిలిస్తే, వరండాలో కూలబడ్డ ఆయన భార్యను దాటుకునే నేను లోపలికి వెళ్లాను. ఎవరికీ చెప్పకుండా కొన్ని తనిఖీలు ఆపాను. దారి తెరుచుకుంది.

సత్యం పాడుచేసినదాన్ని నేను బాగుచేశానని అందరూ అనుకున్నారు. ఇంత రద్దీని తట్టుకునే పెట్టె నీ చేతిలోనే ఎందుకు ఆగిందని, నా రిపోర్టు ముందు పెట్టుకుని యాజమాన్యం అతన్ని నిలదీసింది. సత్యం నావైపు చూశాడు. నిందతో కాదు, తన తరఫున నేను నోరు తెరుస్తానన్న ధీమాతో. నేను మంచినీళ్లు తాగాను. అతని ఉద్యోగం పోయింది.

ఇప్పుడు మేనమామతో చేపల వ్యాపారం చేస్తున్నాడు. తన పెళ్లికి నన్ను పిలిచాడు. వెళ్లాను. భార్యకు నన్ను చూపిస్తూ నవ్వుతూనే అన్నాడు, "ఆ రోజు నా తప్పుని సక్కబెట్టినోడు ఈడే."

నా అబద్ధాన్ని అతను నమ్మేశాడు. తన చేతిపని మీద తానే నమ్మకం పోగొట్టుకున్నాడు. ఉద్యోగం పోవడం కన్నా అదే పెద్ద నష్టమని ఆ పెళ్లిపందిట్లో తెలిసింది. అయినా అక్షింతలు వేసి వచ్చేశాను.

తప్పు సత్యానిది కాదు. నాది. అతనికి ఇంకా చెప్పలేదు, చెబుతానని మీకు మాట ఇవ్వలేను. కానీ ఈ రెండు ముక్కలూ ఇన్నాళ్లకు నా చేత్తో రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.