చాటెడు తవుడుకి కొన్న పిల్ల

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే మా అమ్మాయి ఫోనండి. "నాన్నా, నర్సమ్మగారు పోయారంట" అంది. భవానీపురంలో, వాళ్ళింట్లోనే, నిద్రలో. వన్‌టౌన్‌లో బేరాలు మొదలయ్యే టైము. చీరల మూట విప్పబోయి అట్టాగే కూర్చుండిపోయా.

డెబ్బైల్లో మేం పెడనలో నేతపని చేసుకునేవాళ్ళం. నాకు మొదటి ఇద్దరు పిల్లలూ పుట్టిన వారంలోనే పోయారు. నోరు బిగుసుకుపోయేది, పాలు పట్టేది కాదు. బొడ్డు మీద పిడకల బూడిద అద్దడం వల్లేనని మా పేటకొచ్చే గవర్నమెంటు నర్సు, ఈ నర్సమ్మగారే, చెప్తే మా అమ్మ గడప తొక్కనివ్వలా. దానికీ కారణముందండి. ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకి జనాన్ని పట్టుకుపోయే జీపు వచ్చినప్పుడు ముందు సీట్లో ఈవిడే ఉన్నారు. పైనుంచి ఆర్డరు, ఏం చేస్తారు పాపం. అప్పట్నుంచి తెల్లచీర కనబడితే పేటంతా తలుపులేసుకునేది.

మూడోసారి ఆడపిల్ల. బిడ్డలు నిలవని ఇంట్లో పుట్టినపిల్లని చాటలో పెట్టి పరాయివాళ్ళకి తవుడుకి అమ్మేసేవాళ్ళు, మన పిల్ల కాదంటే చావు కన్ను పడదని. మా అమ్మ చాట పట్టుకుని వీధిలోకొచ్చి "కొనేవాళ్ళున్నారా?" అంది. ఎవరూ ముందుకు రాలా.

"నేను కొంటా పెద్దమ్మా" అన్నారు నర్సమ్మగారు, వీధి చివర్నుంచి. ఎదురింట్లో తవుడు అడిగి తెచ్చి మా గడపలో పోశారు. అందరి ముందూ అడిగాక మా అమ్మ ఇక కాదనలేకపోయింది.

"ఇది నా పిల్ల. నా పిల్ల బొడ్డుకి బూడిద పెట్టొద్దు. సూదులు నేనే వేస్తా."

"ఓసి నీ తెలివి తగలెయ్యా! కొన్నది పిల్లనా, నా ఇంటినా?"

"పెంచే పని మాత్రం నీదే పెద్దమ్మా. నాకు పాలెక్కడివి!"

రోజూ నడిచొచ్చి బొడ్డు శుభ్రం చేసేవారు. ఆ వారం మగ్గం గుంటలో కూర్చున్నానన్నమాటేగానీ చెయ్యాడలేదు. పిల్ల ఏడిస్తే చాలు, నోరు తెరుచుకుంటోంది కదా అని ఊపిరి పీల్చుకునేవాణ్ణి. పిల్ల నిలిచింది.

తర్వాతి నెల పక్కింటావిడకి కొడుకు. తొలికాన్పు, వాళ్ళకి అమ్మే అవసరమేముంది. నర్సమ్మగారు ఎంత కొట్టినా తలుపు తియ్యలా. వారం తిరక్కుండా పిల్లాడు పోయాడు. నర్సమ్మగారు మా అరుగు మీద కూలబడి "ఆ జీపెక్కింది నేనేగా తమ్ముడూ, ఎట్టా నమ్ముతారు?" అన్నారు. తర్వాత మేం వన్‌టౌన్‌కొచ్చి చీరల షాపు పెట్టాక కూడా, ఎప్పుడొచ్చినా "నా పిల్ల ఎట్టా ఉంది?" అని అడిగి, వెళ్తూ వెళ్తూ "ఆ పక్కింటాళ్ళో?" అనేవారు.

నిన్న నర్సమ్మగారింటి దగ్గర ఎవరో మా అమ్మాయిని అడిగారు, మీరేమవుతారమ్మా అని.

"ఆవిడ నన్ను కొనుక్కున్నారండి. తిరిగి అమ్మలేదు" అంది.

నాకు మాత్రం ఆ పక్కింటి తలుపే కనబడతా ఉంది. చెప్పులు విడిచి, సంచీ భుజానేసుకుని, లోపల గడియ తీస్తారేమోనని ఆవిడింకా అక్కడే నిలబడ్డట్టుంది.