డాబా మీద వరిగడ్డి

పెంకులు దించి డాబా వేయించుకున్న ఏడాదే మా ఆవిడకి ఆయాసం ముదిరింది. తొంభైల చివరి సంగతి. బెంజ్ సర్కిల్ అవతల రెండు గదుల ఇల్లు మాది. బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? కాగిన స్లాబు కింద ఆమె ఊపిరి అందక లేచి కూర్చునేది. "వేడి తగలనివ్వకండి" అన్నారు డాక్టరు గారు. ఏసీ మాట ఎత్తే తాహతు లెక్కల మాస్టారికి ఆ రోజుల్లో ఎక్కడిది? అవి కరెంటు తాగే దయ్యాలని ఈసడించి, ఖర్చు లేకుండా ఇల్లు నేనే చల్లబరుస్తానని శపథం పట్టాను.

ఏ పని మొదలుపెట్టినా దాని అంతు చూసే రకం నేను. బల్బులు పీకేసి ట్యూబులైట్లు పెట్టించాను. ఫ్రిజ్‌ని పొయ్యిగట్టు పక్కనుంచి ముందుగదిలోకి జరిపాను. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టాను. ఇవన్నీ ఒక ఎత్తు, వరిగడ్డి ఒక ఎత్తు. పామర్రు దగ్గర మా అత్తగారి ఊరినుంచి ట్రాక్టరు మీద గడ్డి తెప్పించి, డాబా నిండా మూరెడు మందాన పరిచి, రెండు పూటలా బిందెలతో తడిపేవాణ్ణి.

"గొడ్డూ గోదా లేని కొంపకి గడ్డెందుకండీ మాస్టారూ?" అని వీధిలో వాళ్లు ఆటపట్టించారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ వేసవిలో ఫ్యాను ఒకటో నంబరు మీద తిరిగినా సరిపోయింది. మా ఆవిడ కంటినిండా నిద్రపోయింది. బుధవారం ప్రార్థనకి వచ్చిన సంఘం ఆడవాళ్లు "మీ ఇల్లు ఊటీలా ఉందండీ" అంటే ఉబ్బితబ్బిబ్బై, వాళ్లని డాబా ఎక్కించి మరీ గడ్డి చూపించాను.

వానలు పడగానే ఆ గడ్డి తీసేయాలి. తీయలేదు. కొత్త గడ్డి కోతలయ్యాకే వస్తుంది, అందాకా ఉండనీ అనుకున్నాను. పైగా తడిపే పని కూడా తప్పిందని సంబరపడ్డాను. అంత తెలివి నాది. కింద గడ్డి కుళ్లింది, స్లాబు నీళ్లు పీల్చింది, మా మంచం తలాపున గోడంతా నల్లగా బూజు పట్టింది. ఆమెకి దగ్గు పట్టుకుంది. పడిశం అనుకున్నాను.

క్రిస్మస్‌కి ఇంటికి సున్నాలు వేయడం మాకు ఆనవాయితీ. నేనే రెండు పూతలు వేశాను. గోడమీది నలుపు మాయమైంది, దాంతోపాటే నా బుర్రలోంచీ పోయింది. ఇలా మూడేళ్లు గడిచాయి. వానలకి బూజు పట్టేది, పండక్కి సున్నం పడేది, వేసవికి కొత్త గడ్డి వచ్చేది. ఆమె దగ్గు మాత్రం ఆగలేదు.

మూడో క్రిస్మస్ అయ్యాక, జనవరిలో ఆస్పత్రిలో చేర్చాం. అక్కడి కొత్త డాక్టరు అడిగాడు: "ఇంట్లో చెమ్మ ఉందా అండీ? గోడలకి బూజు లాంటిదేమైనా?"

"అబ్బే, లేదండీ. మొన్న పండక్కే సున్నాలు వేశాం. గోడలు పాలలా ఉన్నాయి" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నేను నిజంగానే అలా నమ్మాను. మంచం మీంచి మా ఆవిడ నావైపు చూసింది. మందులిచ్చి ఇంటికి పంపించారు, అదే గదికి.

ఆ ఏడు వానల్లో ఆమె మళ్లీ ఆస్పత్రి పాలైంది. అదే వారం పడకగది కప్పు పెచ్చులూడి పడితే మేస్త్రీని పిలిచాను. గడ్డి తిరగేసి చూసి, కిందికి దిగి, గోకిన సున్నం కింద నల్లటి పొరని వేలితో చూపించాడు. "ఈ గాలి పీలుస్తా ఎట్టా ఉన్నారండీ ఇన్నేళ్లు?" అన్నాడు. ఊపిరి ఆడని మనిషిని, ఊపిరి ఆడనిద్దామనే, చేజేతులా ఈ గదిలో పడుకోబెట్టాను. నా మీద నాకు కలిగిన అసహ్యం ఈనాటికీ తగ్గలేదు.

ఆస్పత్రికి వెళ్లి అంతా చెప్పాను. పిల్లాడిలా ఏడ్చాను. "బూజు పడుతోందని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

ఆమె ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపింది. "చెప్పానండీ" అంది.

మూడో రోజు పోయింది. ఎప్పుడు చెప్పిందో ఆమెని అడగలేదు. ఆ మూడేళ్లనీ రోజు రోజుగా తిరగేసి వెతుక్కుంటూనే ఉన్నాను. చెప్పే ఉంటుంది. నాకు జ్ఞాపకం లేదు.