కొసరుగా వచ్చిన సీలు

నంద్యాలలో ట్రాక్టరు స్పేర్ పార్టుల అంగట్లో కొసరు అడిగి తెచ్చుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. వంకాయలు కొంటే కరివేపాకు కొసరు వేయించుకున్నవాళ్ళు ఊరినిండా ఉంటారు. ఇంజనుకు కొసరు తెచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశారా? ఉంటే, వాళ్ళ బావ కాళ్ళు రెండూ బాగున్నాయేమో కనుక్కుని నాకు చెప్పండి.

మాది ఆళ్ళగడ్డలో చిల్లరంగడి కుటుంబం. చెప్పిన ధరకే ఏదైనా కొనుక్కొస్తే ఆ పూట మా నాయన నా మొహం చూసేవాడు కాదు. అక్కను చేసుకున్న బావ మాత్రం బేరం చేతకాని మనిషి. ఆయనకున్నది ఒక పాత ట్రాక్టరు, ఒక ట్రాలీ. వడ్ల మూటలు నంద్యాల మిల్లులకు తోలడమే బతుకు. ఆ ఏడు కోతలు దగ్గరపడే వేళకు ఇంజను నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. ఎంత ఆయిల్ పోసినా తాగేస్తోంది. బండి బాగుపడకపోతే బాడుగలన్నీ వేరేవాళ్ళకు పోతాయి. అందుకని బేరాలకు నన్ను పెట్టుకున్నాడు.

మెకానిక్ ఇంజనును గేర్‌బాక్సు నుంచి విడదీసి, బండిని రెండు ముక్కలు చేసి దిమ్మెల మీద నిలబెట్టాడు. లైనర్లు, రింగులు, బేరింగులు అన్నీ అరిగిపోయినాయి.

"ఇంజను వెనక ఈ పెద్ద రబ్బరు సీలు గుడక మార్చాలన్నా. ఇది కారితే ఆయిలంతా పోయి క్లచ్ మింద పడతాది, క్లచ్ పట్టు జారతాది. మళ్ళా మార్చాలంటే బండిని మళ్ళా ఇట్లనే కొయ్యాల" అన్నాడు.

నంద్యాల అంగట్లో నేను రెండుసార్లు లేచి బయటికి నడిచాను. రెండుసార్లూ అంగడాయన వెనక్కి పిలిచాడు. సామానంతా మూట కట్టినాక సీలు సంగతి ఎత్తాను.

"అది కొసరు వెయ్యి భాయ్."

"కొసరేందప్పా? ఇదేమన్నా కొత్తిమీర కట్టనా?"

"ఇంత సామాను కొన్నా, ఊరికే పంపిస్తావా? పావు కిలో పప్పు కొన్నోనికి గుడక మా అంగట్లో బెల్లం ముక్క పెడతాం."

ఆయన నన్ను ఒక చూపు చూసి, స్టూలు ఎక్కి, పై అరలోంచి రంగు వెలిసిన డబ్బా ఒకటి తీశాడు. డబ్బాతో పాటు బల్లిగుడ్డు పెంకు రాలింది. "చానా దినాల సరుకు. చూసి బిగించుకోమను" అన్నాడు.

పై అరలో ఏముంటుందో అంగడోడి కొడుకును, నాకు తెలియక కాదు. మేమూ కొసరుకు వేసేది పురుగు పట్టబోయే శనగలనే. అయినా బస్సులో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, మీసం మీద చెయ్యేసుకుని కూర్చున్నాను.

మెకానిక్ దాన్ని గోటితో నొక్కాడు. "ఏందన్నా ఇది, ఎండిన తోలు మాదిరి ఉంది?"

"డబ్బాలోంచి ఇప్పుడే గదా తీసినావు. కొత్తదే."

"నువ్వు తెచ్చినావు, నేను బిగిస్తాండా. రేపు నన్ను అడగాకు." బండిని కలిపేశాక క్లచ్ అడుగున ఒక చిన్న బొక్క చూపించాడు. "సీలు కారితే ఈడ చుక్క పడతాది. కనపడితే బేగా రండి." బావ వంగి చూశాడు. నేను మెకానిక్ కూలీలో ఎంత కొయ్యొచ్చా అని చూస్తున్నాను.

పొగ పోయింది. ఇంజను గడియారంలా ఆడింది. కోతలు జోరందుకున్నాక ఒక పొద్దున బండి కింద పరిచిన అట్టముక్క మీద చుక్క కనపడింది. మర్నాటికి అది దోసెంత అయింది. మెకానిక్ ఎనిమిది వేలు అన్నాడు, బండి మూడు దినాలు నిలబడాలన్నాడు.

"ఒక్కడే పోతాంటాడురా బండి మింద. దుడ్లు చూసుకోవాకు" అంది అక్క.

బావ నా వైపు చూశాడు. "నువ్వేమంటే అది, బామ్మర్దీ."

మా అంగట్లో నూనె డబ్బా కారితే తడి సబ్బు రుద్దుతాం, ఆగిపోతుంది. నేను బండి కింద దూరి, బట్టల సబ్బును గుడ్డపీలికతో కలిపి మెత్తగా పిసికి ఆ బొక్కలో కుక్కాను. మర్నాడు అట్టముక్క పొడిగా ఉంది.

"నువ్వు గిన మెకానిక్కువైంటే ఈ ఊర్లో షెడ్లన్నీ మూసుకోవాల!" అని బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. కారేది కారకుండా ఎక్కడికి పోతోందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, నాతో సహా.

తర్వాత సాయంత్రాలు బండి ఇల్లు చేరితే మాడిన వాసన వచ్చేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదనేవాడు బావ. "లోడు ఎక్కువైంటాదిలే" అని ఆయనే అనుకునేవాడు. ఆ మాట నాకు సుఖంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం మిల్లులో పని ఉండి, మోటారుసైకిలు మీద ఆయన ట్రాలీ వెనకే బయలుదేరాను. కాలువ వంతెన ఎత్తు సగం ఎక్కాక ఇంజను గొంతు పెరిగింది. చక్రాలు నిదానించాయి. ఆగాయి. ఇంజను ఇంకా పెద్దగా అరిచింది. ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. తర్వాత చక్రాలు వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. బావ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. నిండు ట్రాలీ బండిని లాక్కుంటూ నా మీదికి వస్తోంది. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, స్టీరింగు గట్టు వైపు తిప్పేశాడు. మూటలు కాలువలో పడ్డాయి. బండి పక్కకు ఒరిగింది. బావ ఎడమ కాలు దాని కింద ఉంది.

తర్వాత మెకానిక్ బండిని మళ్ళీ రెండు ముక్కలు చేశాడు. క్లచ్‌లోంచి బిందె వంచినట్టు ఆయిల్ పడింది. "సబ్బు మటుకు బాగా పట్టిందన్నా" అన్నాడు. అది ఎగతాళో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక బిల్లు. సీలుకు ఆరొందలు, మళ్ళీ విప్పే కూలీ ఎనిమిది వేలు మిగిలాయి, అవి నా జమ. ఆసుపత్రికి లక్షా అరవై వేలు అయింది. అక్కడా నోరు ఊరుకోక, ఏమన్నా తగ్గిస్తారా అని అడిగాను. కౌంటరులో ఆమె తలెత్తి చూసింది, నేను మొత్తం కట్టేశాను. తడిసిన వడ్లకు రైతుకు ఇచ్చింది వేరే. బండి పాత ఇనుము ధరకు పోయింది. బావకు మోకాలు వంగదు. క్లచ్ తొక్కేది ఆ కాలితోనే కాబట్టి ఇంక ఏ బండీ తోలలేడు. మా అంగట్లో తక్కెడ దగ్గర కూర్చుంటాడు. ఆ పూట స్టీరింగు ఎందుకు తిప్పావని ఒకసారి అడిగితే "నువ్వు వెనక ఉంటివి గదా" అన్నాడు. అది కూడా నా పద్దే.