అద్దాల బావ

అక్క మొగుడి చేతి కింద పనిచేయడమంత శిక్ష ఇంకోటి లేదని ప్రయోగశాలలో చేరిన కొత్తలోనే ఆమెకు తెలిసొచ్చింది. ఆయన్ని వెనకాల అందరూ అద్దాలాయన అనేవారు. ఆమెకు అద్దాల బావ.

బావ గొప్పంతా ఒక్క సంగతి మీదే నిలబడింది. ఎదురెదురుగా రెండు చిన్న అద్దాలు, వాటి మధ్య గోరుకన్నా చిన్న స్ఫటికపు పలక. బాగా చల్లబరిస్తే ఒక స్థాయి దగ్గర ఆ పలక కరెంటు పారనివ్వడం మానేస్తుంది. అద్దాలను దగ్గరికి జరిపితే కొంచెం తక్కువ చలికే మానేస్తుందని ఆయన లోకానికి చాటాడు.

"వెలుగు కూడా వెయ్యక్కర్లేదు మరదలా! ఆ మధ్యలో ఖాళీ ఉంది చూశావూ, అదే పలక గుణాన్ని మార్చేస్తుంది," అనేవాడు, భోజనాల బల్ల దగ్గర చెంచా తిప్పుతూ. అక్క కళ్లింత చేసుకుని వినేది. ఖాళీకే అంత శక్తి ఉంటే బావ బుర్ర ఈపాటికి లోకాన్ని ఏలుతుండేదని మరదలు మనసులో అనుకునేది.

ఒకరోజు ఆ పరికరం విప్పితే, చలి కొలిచే తీగ పలకకు కాక కింది దిమ్మకు అంటించి ఉంది.

"ఇదేంటి బావా? అద్దాలు అడ్డొస్తే బయటి వేడి పలకకి తగలదు. అది ముందుకన్నా చల్లబడుతుంది, దిమ్మకి అంటించిన తీగకేమో ఆ తేడా తెలీదు. ఇందులో ఆ ఖాళీ గొప్పేముంది?"

"నా పేరు చూసి నీకు కడుపుమంట," అన్నాడాయన.

ఆమె సన్నటి తీగ తెచ్చి పలకకే అంటించి, మళ్లీ కొలిచింది. బావ చెప్పిన మార్పు చాలామటుకు ఎగిరిపోయింది. పిలిచి మరీ చూపించింది. ఆయన కాగితం మీది కొలతల గీతల వంక ఓసారి చూసి, "ఈ అద్దాల పని పాతబడిపోయిందిలే. నేనెప్పుడో మానేద్దామనుకున్నా," అంటూ టీ తాగడానికి వెళ్లిపోయాడు.

బావని ఓడించిన సంబరం తగ్గాక ఆమె గీతలను సరిగ్గా చూసింది. చిన్న మార్పు ఇంకా మిగిలే ఉంది. తీగలు మార్చింది, పలక మార్చింది. అది పోలేదు. ఖాళీ నిజంగానే ఏదో చేస్తోంది. బావ కూశాడు గనక అబద్ధమే అయ్యుంటుందనుకున్న తన తెలివి మీద ఆమెకే రోత పుట్టింది. ఆయన మీది రోత మాత్రం రవ్వంతైనా తగ్గలేదు.

ఆ ఫలితాన్ని వ్యాసంగా రాసింది.

"మీ బావ పేరు ఎక్కడ పెట్టావే?" అంది అక్క, వడ్డిస్తూ.

"చివర్లో, థాంక్స్ చెప్పే చోట. అద్దాలు తుడిచినాయన తర్వాత."

అక్క గరిటె గిన్నెలో విసిరికొట్టింది. బావ మాత్రం మొహం చేటంత చేసుకుని, "చూశావా, నా పేరు లేకుండా కుదర్లేదు!" అన్నాడు.

ఆమెకు తిట్టడానికి కూడా మనసొప్పలేదు.