మావయ్య కోటుకి ఎడంచెయ్యి

అప్పట్లో నాకు పనికన్నా పనిని గురించిన తెలివి ఎక్కువగా ఉండేది. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్ల పక్కన చిన్న టైలరు దుకాణం పెట్టిన కొత్త. చొక్కా అడిగినవాడికి "రేపు" అనీ, రేపు వచ్చినవాడికి "ఎల్లుండి" అనీ చెప్పడంలో బాగా చెయ్యి తిరిగింది గానీ, కుట్టులో ఇంకా తిరగలేదు. ఈ వాలకం నాకే బాగోలేక, ఫోనులో ఒక పెద్దమనిషి వీడియోలు చూడ్డం మొదలెట్టాను. చిన్న వ్యాపారి టైముని ఎలా లొంగదీయాలో ఆయన చెబుతాడు. కిటుకు ఒక్కటే: ప్రతి పనికీ అలారం పెట్టుకో, అది మోగగానే చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి తర్వాతి పని పట్టుకో. (ఆయన జన్మలో సూది పట్టి ఉండడు.) నేను తు.చ. తప్పకుండా పాటించాను. కొద్దిరోజులకే దుకాణం నిండా కాలరు లేని చొక్కాలు, ఒంటికాలి ప్యాంట్లు వేలాడాయి. జాకెట్టు కోసం వచ్చిన బెంగాలీ దీదీ హుక్కులేవని అడిగితే, వాటి టైము సాయంత్రమని చెప్పాను. ఆవిడ నన్నన్న మాట ఇక్కడ రాయలేను.

సరిగ్గా అప్పుడే మా మావయ్య రిటైర్‌మెంటు వచ్చిపడింది. వర్క్‌షాపులో చేరింది మొదలు నూనె మరకల చొక్కా తప్ప ఎరగని మనిషి. ఆఖరిరోజున తోటివాళ్లు దండలేసి, బాజాలతో జీపులో ఇంటికి దిగబెడతారు కదా, ఆ ఒక్కరోజూ కోటు తొడుక్కోవాలని ఆయన ఆశ. "బయట కుట్టించుకోమని మీ అత్త అంటన్నాది. నా మేనల్లుడుండగా బయటెందుకురా?" అని గుడ్డ నా చేతిలో పెట్టాడు. ముందురోజు ఎడంచేతికి తెల్లదారంతో కచ్చాకుట్టు వేసి, మిషనెక్కించబోతుంటే అలారం మోగింది. స్కూలు యూనిఫారాల వేళ. వదిలేశాను. పొద్దున్నే "డెలివరీ" అని మోగింది. మడతపెట్టి ఇచ్చేశాను.

సాయంత్రం జీపు క్వార్టరు ముందు ఆగింది. మావయ్య మెడనిండా దండలతో దిగాడు, అత్త హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. అందరూ నమస్కారాలు పెడుతుంటే ఆయన కుడిచెయ్యి ఒక్కటే ఎత్తుతున్నాడు. ఎడంచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోయి ఉంది, మొహమంతా చెమట. ఆయనతో పనిచేసిన బెంగాలీ దాదా గాభరాగా ఆయన గుండెమీద చెయ్యేసి, "బుకే బేథా?" అన్నాడు. అంతే! "గుండెనొప్పిరా! ఎడంసెయ్యి లాగేస్తన్నట్టుంది!" అని ఎవరో అరిచారు. బాజా ఆగిపోయింది, అత్త పళ్లెం జారవిడిచి ఏడుపందుకుంది. "నాకేటీ నేదర్రా, ఒగ్గీండి" అని మావయ్య మొత్తుకుంటున్నా వినకుండా ఆసుపత్రికని మళ్లీ జీపెక్కిస్తున్నారు. అప్పుడు కనిపించింది నాకు, భుజం దగ్గర తెల్లదారం.

నిజం చెప్పొద్దూ, పారిపోదామనే అనిపించింది. అత్త ఏడుపు చూడలేక, "గుండె కాదు! ఆ చెయ్యి నేను కుట్టలేదు!" అని అరిచాను. వీధి మొత్తం నావైపు తిరిగింది. దాదా నమ్మలేక లాగి చూస్తే, కోటుచెయ్యి ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. సరిగ్గా అదే క్షణాన నా జేబులో అలారం మోగింది. (కొత్త కస్టమర్లని ఆకట్టుకోవలసిన వేళ.)

పొద్దున తొడుక్కున్నప్పుడే కుట్టు పరపరమందట. "సెప్తే నీ దుకాణం పేరు పోద్ది కదరా. అందుకే రోజంతా బిగించీసినాను" అన్నాడు మావయ్య. కోటూ, ఊడిన చెయ్యీ తీసుకుని దుకాణానికి వెళ్లాను. మర్నాడే రెండు వరసల కుట్టేసి తీసుకెళితే, కోటు నిమిరి చూసి, "బాగుందిరా. ఇంకెక్కడికి ఏసుకెల్తాను?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

కానీ వేసుకున్నాడు, మండువేసవిలో, నా పెళ్లికి. అక్షింతలు పట్టుకుని పీటల ముందు నిలబడి, పందిరంతా వినబడేలా, "ఒరే, రెండు సేతులూ ఎత్తీమంటావేటి?" అని అడిగాడు. మా ఆవిడకి నా వ్యాపార దక్షత తెలిసింది అక్కడే.

ఇప్పుడు అలారాల్లేవు. ఒకటి ముగిశాకే రెండోది పట్టుకుంటాను, ఇచ్చేముందు చేతులు రెండూ గట్టిగా లాగి చూస్తాను. ఒక్కోసారి మిషను దగ్గర ఆ అలారం కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. చెవులు మాత్రం ఇప్పటికీ వేడెక్కుతాయి.