బుగ్గమ్మ వద్దన్న సూది

మల్లప్ప పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళంతా బుగ్గమ్మను ఒకటే మాట అడిగారు, ఆయనకు ఏమైందని.

"పన్ను నొప్పి," అనేది బుగ్గమ్మ.

ఇంకా ఏదో చెబుతుందని వాళ్ళు ఎదురుచూసేవాళ్ళు. ఒకామె లేచి వెళ్తూ గడప దాటకముందే పక్కామెతో, "పన్ను నొప్పికి మనిషి సస్తడా? తాగి యాడనో పడుంటడు, చెప్పుకోను సిగ్గయితున్నట్టుంది" అంది. బుగ్గమ్మకు వినబడింది. మల్లప్ప జన్మలో సారా ముట్టినవాడు కాదు. ఆ మాట అనడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది.

యాలాల్ దగ్గర చిన్న ఊరు వాళ్ళది. తాతల నాటి నుంచీ గొర్రెల మందే బతుకు. పెళ్ళయిన కొత్తలోనే బుగ్గమ్మ మంద వెనక నడవడం మొదలుపెట్టింది. ముందు మల్లప్ప, నడుమ జీవాలు, వెనక కొత్తగా ఈనిన పిల్లను చంకన వేసుకొని ఆమె. ఎండలు ముదిరితే కన్నడ దేశం వైపు మేతకు పోయేవాళ్ళు, తొలి వానలకు తిరిగి వచ్చేవాళ్ళు. కొడుకు పరమేశ్‌కు గొర్రెలంటే మనసు లేదు. తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్ మీద పనికి కుదిరి, అక్కడే ఒక గది తీసుకున్నాడు. కూతురు నాగరాణిని కొడంగల్‌లో ఇచ్చారు. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, మందా.

ఒక సాయంత్రం వేయించిన శనగలు నములుతుంటే మల్లప్ప దవడ పన్ను పెచ్చు ఊడింది. మొదట నవ్వాడు. "ముసలోన్నయిన, ఊడక ఏం జేస్తది" అన్నాడు. కొద్ది రోజులకు ఆ నవ్వు పోయింది. లవంగం పెట్టాడు, ఉప్పు నీళ్ళు పుక్కిలించాడు, తంబాకు అదిమి చూశాడు. నొప్పి చెవిలోకి ఎక్కి, అక్కడి నుంచి కణతకు పాకింది. మంద దొడ్డికి చేరిన తరవాత ఇద్దరూ ఆటో ఎక్కి తాండూరు దవాఖానకు పోయారు.

అప్పటికే ఓపీ గదులకు తాళాలు పడ్డాయి. పండ్ల డాక్టర్ పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోతారని వాచ్‌మన్ చెప్పాడు. తలుపు తెరిచి ఉన్నది ఎమర్జెన్సీ ఒక్కటే. లోపల కాలు విరిగినవాళ్ళు, ఆయాసంతో ఎగపోస్తున్నవాళ్ళు, పురుగుమందు తాగినవాళ్ళు. వాళ్ళ మధ్య దవడ పట్టుకొని నిలబడడానికి మల్లప్ప సిగ్గుపడ్డాడు. అయినా అక్కడి డాక్టర్ సంతోష్ కసురుకోలేదు. చూశాడు, సూది వేయించాడు, గోలీలు రాశాడు.

"పెద్దాయనా, నేను నొప్పిని ఆపుతున్న, అంతే. రోగం పన్నుల ఉన్నది. రేపు పొద్దున పండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకో" అన్నాడు.

"వస్త సారు" అన్నాడు మల్లప్ప.

ఊరు చేరేసరికే నొప్పి ఆగిపోయింది. మల్లప్ప చాలా రోజుల తరవాత రెండు రొట్టెలు తిని, హాయిగా పడుకొని, తెల్లారగానే మందను తోలుకొని పోయాడు. దవాఖాన సంగతి బుగ్గమ్మ ఎత్తితే, "నొప్పే లేకపాయె, పోయి ఏం జూపియ్యాలె?" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉన్నట్టే తోచింది ఆమెకు.

గోలీలు అయిపోయిన కొన్నాళ్ళకు నొప్పి మళ్ళీ వచ్చింది. మళ్ళీ చీకటి పడే వేళకు అదే ఎమర్జెన్సీ, అదే సూది. ఆ తరవాత ఇంకోసారి. నర్సు రెబెక్క వీళ్ళను గుర్తుపట్టే దాకా వచ్చింది వ్యవహారం.

"ఏం పెద్దాయనా, మళ్ళా పన్నేనా? తీపిచ్చుకోమంటే ఇనవేంది?"

"జీవాలను ఎవరు మేపుతరు సిస్టరమ్మా? గవి మేసే యాళ్ళకే మీ పండ్ల డాక్టరొస్తడాయె."

రెబెక్క బుగ్గమ్మ వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పమ్మా. లోపల చీము పడుతున్నది. సూదికి నొప్పి ఆగుతది గానీ చీము ఆగది."

బుగ్గమ్మ చెప్పింది. చెబుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కంది చేను గట్టున కూర్చొని సద్ది విప్పినప్పుడు, "ఒక్క పొద్దు మందను నేనే కొట్టుకపోత, నువ్వు పో" అంది. మల్లప్ప రొట్టె తుంచి నీళ్ళలో నానబెట్టాడు. తరవాత ఎటో చూస్తూ మెల్లగా చెప్పాడు.

"నా చిన్నప్పుడు పరిగి అంగట్ల ఒకడు మా నాయినకు పన్ను గుంజిండు. పట్టకారు అసొంటిది పెట్టి, మోకాలు రొమ్ము మీద పెట్టి గుంజిండు. ఇంటికొచ్చినంక గూడ నెత్తురు ఆగలే. చెంబుల ఉమ్ముతుంటే చెంబు నేను పట్టుకున్న."

"గది ఎన్నటి ముచ్చట! ఇప్పుడు మత్తు ఇస్తరట గదా."

"ఇస్తరు, ఇస్తరు" అని లేచిపోయాడు.

అప్పుడు తెలిసింది ఆమెకు, అడ్డం వస్తున్నది గొర్రెలు కావని. ముప్ఫై ఏళ్ళకు పైబడిన కాపురంలో తోడేలును కర్రతో అదిలించిన మనిషి అతను. అలాంటివాడు భయపడుతున్నాడంటే ఆమెకు నవ్వు రాలేదు, జాలేసింది. ఆ జాలితోనే గట్టిగా అడగడం తగ్గించింది.

ఒక్కసారి మాత్రం పొద్దున్నే పోయారు. బుగ్గమ్మే పోరు పెట్టి తీసుకెళ్ళింది. పండ్ల డాక్టర్ గది ముందు బెంచీ మీద వరసలో కూర్చున్నారు. లోపలి నుంచి ఒక ముసలాయన నోట్లో దూది కరుచుకొని బయటికొచ్చాడు. దూది ఎర్రగా ఉంది. మల్లప్ప దాన్ని చూశాడు. కాసేపు చూసి, భుజం మీది గొంగడి సర్దుకొని లేచాడు.

"యాడికి?"

"జీవాలు ఆకలికుంటయి. ఇంకో దినం వద్దాం తియ్యి."

ఆమె వెనకే నడిచింది. గేటు దగ్గర చెయ్యి పట్టుకొని ఆపుదామనుకుంది. పదిమందిలో మొగుణ్ణి పిల్లవాడిలా గుంజుకుపోవడం బాగుండదని ఊరుకుంది.

కందులు పూతకొచ్చిన రోజుల్లో మల్లప్పకు గడ్డం కింద వాపు దిగింది. చేత్తో నొక్కితే రాయిలా ఉంది. రెండో రోజుకు మెడంతా బిగుసుకుపోయింది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. మింగలేక, ఉమ్మి గడ్డం మీదుగా కారుతుంటే గొంగడి కొసతో తుడుచుకుంటూ మంద దగ్గరే నిలబడ్డాడు. ఏదో అన్నాడు. వేడి అన్నం నోట్లో పెట్టుకొని మాట్లాడినట్టుంది గొంతు. బుగ్గమ్మ కర్ర కింద పడేసి కొడుక్కి ఫోన్ చేసింది.

"పరమేశూ, బండేసుకొని జల్ది రా బిడ్డా. మీ నాయినను జూస్తే నాకు భయమైతున్నది."

మందను పక్క చేలో కూలికి వచ్చిన మరిదికి అప్పజెప్పింది. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉండగా తండ్రిని నడుమ కూర్చోబెట్టుకొని పరమేశ్ బైక్ నడిపాడు. వెనక నుంచి బుగ్గమ్మ ఇద్దరినీ పట్టుకొని కూర్చుంది. మళ్ళీ అదే ఎమర్జెన్సీ. పక్క మంచం మీద కన్నడావిడ ఒకతె, జ్వరంతో ఉన్న కూతురును ఒళ్ళో వేసుకొని, "హల్లు నోవా?" అని అడిగింది. మేతకు తిరిగిన ఊళ్ళ భాష గనక బుగ్గమ్మకు అర్థమైంది. అవునని తలాడించింది. పన్ను నొప్పే కదా అన్నట్టు ఆవిడ మొహం తేలికపడింది.

డాక్టర్ సంతోష్ మొహం మాత్రం తేలికపడలేదు. టార్చి వేసి చూడబోయాడు, నోరు తెరుచుకోలేదు. మెడ మీద చెయ్యి పెట్టి వెంటనే రెబెక్కను కేకేశాడు. ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు.

"సూది ఏస్తె తగ్గుతది గద సారు?" అంది బుగ్గమ్మ.

"ఇది నొప్పి కాదమ్మా ఇప్పుడు. చీము గొంతులకు దిగింది. ఊపిరి పోయే తోవ మూసుకపోతున్నది. హైదరాబాద్ తీస్కపోవాలె, ఇప్పుడే."

అంబులెన్స్‌లో మల్లప్పను పడుకోబెడితే ఊపిరి ఆడలేదు. కూర్చోబెట్టారు. ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కో శ్వాసనూ బావిలోంచి తోడుకున్నట్టు తోడుకున్నాడు. బుగ్గమ్మ అతని వీపు రాస్తూ కూర్చుంది, ఎదుటి సీట్లో పరమేశ్. మధ్యలో ఒకసారి ఆమె మణికట్టు పట్టుకొని కళ్ళెత్తి చూశాడు. ఏదో అడుగుతున్నట్టుంది. "జీవాలను మీ తమ్ముడు జూస్తడు, నువ్వు ఫికర్ జేయకు" అంది. అతను అడిగింది అదో, ఇంకేదో, ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆ పట్టు వికారాబాద్ దాకా ఉంది. అక్కడ వదులైంది. అంబులెన్స్‌ను దగ్గర్లోని దవాఖానకు తిప్పారు. డాక్టర్లు స్ట్రెచర్‌తో పాటు పరిగెత్తారు. కాసేపటికి ఒకాయన బయటికొచ్చి పరమేశ్ భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తరవాత పరమేశ్ సగం మందను అమ్మించాడు. మిగతా సగం అమ్మడానికి బుగ్గమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు ముందూ వెనకా ఆమే నడుస్తోంది. ఊళ్ళో ఎవరైనా మల్లప్ప మాట ఎత్తితే, "గుండె ఆగిపోయింది" అనడం అలవాటు చేసుకుంది. ఆ మాట చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు కాదు.

మరుసటి వానాకాలంలో ఆమె కింది దవడలో పోటు మొదలైంది. రెండు రాత్రులు ఓర్చుకుంది. మూడో నాడు మందను దొడ్డికి తోలాక, తనకు తెలియకుండానే ఆటో ఎక్కి ఆ ఎమర్జెన్సీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రెబెక్క గుర్తుపట్టింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మల్లప్ప సంగతి ఏమీ అడగకుండా, డాక్టర్‌కు చూపించి, సూది మందు తీసుకొచ్చింది.

బుగ్గమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు సిస్టరమ్మా."

"నొప్పి తక్కువైతది. రాత్రికి జర నిద్ర పడతది."

"నిద్ర పడితె నేను పొద్దుగాల రాను. గీ సూదే మా ఆయనను ఎన్నిసార్లు ఇంటికి తోలిందో నువ్వు జూడలేదా? నొప్పి ఉండనియ్యి. నొప్పి ఉంటేనే నా కాళ్ళు ఇటు పడతయి."

రెబెక్క సూదిని ట్రేలో పెట్టేసింది. "మరి చీముకు గోలీలన్న ఏస్కో. పొద్దున వరసల కూసో, నేను డ్యూటీ దిగి పోతూ పండ్ల డాక్టరమ్మకు ఒక మాట చెప్పిపోత" అంది.

ఆ రాత్రి పరమేశ్ గదిలో దవడ పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. కొడుకు ఎంత బతిమాలినా నొప్పి గోలీ వేసుకోలేదు.

పొద్దున పండ్ల డాక్టర్ దీక్షిత ఆమెను కుర్చీలో వెనక్కి వాల్చింది. చిన్న వయసు పిల్ల, చేతులు మెత్తగా ఉన్నాయి. చిగుళ్ళకు మత్తు ఇచ్చి, పెదవి మొద్దుబారిందా లేదా అని తట్టి చూసి, పని మొదలుపెట్టింది. బుగ్గమ్మ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకొని, కళ్ళు మూసుకొని, మోకాలు రొమ్ము మీద పడుతుందని కాచుకుంది. పటపటమని చప్పుడు మాత్రం వినిపించింది. దీక్షిత దూది పెట్టి కరుచుకోమంది.

"అయిపోయిందమ్మా, లే."

బుగ్గమ్మ కళ్ళు తెరిచింది. దూది వెనక నుంచే, "అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. నొప్పి అయ్యిందా?"

లేదని తలూపింది. లేవమన్నా లేవలేకపోయింది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని దీక్షిత మణికట్టు పట్టుకొని నాడి చూసింది. బాగానే ఉంది. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు. ఒక్క నిమిషం కూర్చోనిమ్మని సైగ చేసింది బుగ్గమ్మ. ఇంతేనా, ఇంతేనా అని ఆమె లోపల ఎవరో అడుగుతూనే ఉన్నారు. ఈ గది ముందు బెంచీ మీది నుంచే మల్లప్ప లేచి వెళ్ళిపోయాడు.

పరమేశ్ బైక్ మీద ఎక్కించుకొని యాలాల్ తోవ పట్టించాడు. సన్నగా తుంపర పడుతోంది. కొడుకు వీపుకు తల ఆనించి, దూది కరుచుకొని బుగ్గమ్మ ఏడ్చింది. మల్లప్ప పోయిన నాడు కూడా అలా ఏడవలేదు. తల్లి వెక్కిళ్ళు వీపుకు తగులుతుంటే పన్ను పెరికిన చోట సలుపుతోందనుకున్నాడు పరమేశ్. గుంత వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మది చేస్తూ, "ఇగో వచ్చినం అవ్వా, జర ఓర్చుకో" అంటూ పోయాడు.